డే దొరగారి ఉత్తరాలు, వ్రాయబడని ఒక ఉత్తరము



తెలుగు బాప్తిస్టు సంఘముల చరిత్ర అనగానే మనకు ఒంగోలు, క్లౌ దొరగారు, గుండ్లకమ్మ ఏరు జ్ఞాపకము వస్తాయి. 1878 జూలై 3న ఒక్క దినములోనే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలు కూడా చెప్పగలరు. అయితే ఆ దినమునకు నలభై ఏండ్ల ముందు, మనము ఇప్పుడు కాపురముంటున్న ఈ చెన్నై పట్టణములో ఒక దొరగారు మూడేండ్లు నివసించి, తెలుగువారి కొరకు పనిచేసి, సముద్రము ఆవలకు ఉత్తరాలు పంపారు. ఆయనే శామ్యూల్ స్టెర్న్స్ డే గారు. మన సంఘముల కథ ఆయనతో మొదలవుతుంది.

డే గారు 1808లో కెనడాలో జన్మించారు. న్యూయార్కు రాష్ట్రములోని హామిల్టన్ వేదాంత విద్యాలయములో చదువుకున్నారు. 1835లో ఆయనకు రోయెన్నా క్లార్క్ గారితో వివాహము జరిగింది. ఆ ఏడే ఆయన సేవకు అభిషేకము పొందారు.

ఆయనను తెలుగు దేశానికి పంపడానికి కారణము మరొక మిషనెరీ చేసిన విన్నపము. ఒరిస్సాలో పనిచేస్తున్న ఆమోస్ సట్టన్ గారు ఇంగ్లీషు బాప్తిస్టు. ఆయన భార్య అంతకు ముందు ఒక అమెరికా మిషనెరీకి భార్యయై, విధవరాలైన స్త్రీ. ఆ సంబంధము వలన సట్టన్ గారు అమెరికా బాప్తిస్టులకు దగ్గరవారయ్యారు. ఒరిస్సాకు దక్షిణమున తెలుగు మాట్లాడే ప్రజలు లక్షలాదిగా ఉన్నారనీ, వారి మధ్యకు బాప్తిస్టు సేవకులను పంపవలెననీ 1835లో ఆయన అమెరికాలో బతిమాలారు. ఆ మాట ఫలించింది.

1835 సెప్టెంబరులో బోస్టను రేవులో లూవర్ అనే ఓడ ఎక్కిన డే దంపతులు 1836 ఫిబ్రవరిలో కలకత్తా చేరారు. అనగా ప్రయాణమునకు నాలుగు నెలలకు పైగా పట్టింది. ఉత్తరము కూడా అదే ఓడలో, అదే దారిన పోవలెను. ఒక ప్రశ్న వ్రాసి పంపితే, జవాబు చేతికి రావడానికి ఇంచుమించు తొమ్మిది నెలలు గడిచిపోయేవి. అడిగిన సహాయము వచ్చేలోగా అడిగినవారు జబ్బుపడవచ్చు, ఊరే మారిపోవచ్చు. ఆ కాలపు ఉత్తరాల సంగతి తలచునప్పుడు ఈ లెక్క మరువకూడదు.

తెలుగువారి కొరకు డే గారికి తోడుగా నియమించబడిన ఎబట్ గారు బర్మాలోని కరెన్ల సేవకు మళ్ళించబడ్డారు. డే గారు ఒంటరిగానే మిగిలారు. మొదట విశాఖపట్నములోను, తరువాత శ్రీకాకుళములోను ఉండి తెలుగు నేర్చుకున్నారు. 1837లో మద్రాసు వచ్చారు.

ఆ మూడేండ్లు మన పట్టణములో ఆయన ఖాళీగా లేరు. తెలుగువారికి సువార్త చెప్పారు. ఇంగ్లీషు మాట్లాడే బాప్తిస్టు విశ్వాసులకు కాపరియై వారిని సంఘముగా కూర్చారు. ఉత్తరాన ఉన్న తెలుగు ఊళ్ళలో సంచారము చేశారు. మద్రాసు పెద్ద పట్టణము. అక్కడ ఇండ్లు, అచ్చు యంత్రాలు, తపాలా, ఓడరేవు, వైద్యులు, తోటి తెల్లవారు అన్నీ ఉన్నాయి. సుఖము చూసుకొనేవారైతే అక్కడే ఉండిపోయేవారు. కాని ఈ పట్టణములో అరవమే ఎక్కువనీ, ఇతర మిషనులు ముందే ఉన్నాయనీ, తెలుగువారిని వారి సొంత దేశములోనే కలుసుకోవలెననీ ఆయన గ్రహించారు. 1840లో సుమారు 110 మైళ్ళ దూరములో ఉన్న నెల్లూరుకు వెళ్ళిపోయారు. మద్రాసులో కూర్చొని తెలుగువారి సంగతి వ్రాయుట సులభమే. తెలుగువారి వీధిలో ఉండి వ్రాయుట వేరు.

నెల్లూరుకు అదే ఏడు వాన్ హూసెన్ దొరగారు తోడుగా వచ్చారు. 1840 సెప్టెంబరు 27న పెన్నా నదిలో ఓబులు అనే ఆయన బాప్తిస్మము పొందారు. తెలుగువారిలో ఆయనే ఈ మిషను తొలి ఫలము. 1844 అక్టోబరులో నెల్లూరు సంఘము ఏర్పడింది. అప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ఎనిమిది! డే గారు భారతదేశములో అడుగుపెట్టి అప్పటికి ఎనిమిదేండ్లు దాటింది. బోస్టనులోని బోర్డువారు బర్మా నుండి వచ్చే ఉత్తరాలు కూడా చదివేవారు. కరెన్లు వందలుగా విశ్వసిస్తున్నారని వాటిలో ఉండేది. నెల్లూరు నుండి వచ్చే లెక్క మాత్రము వేళ్ళ మీద లెక్కపెట్టదగినది. మిషనెరీల ఉత్తరాలు బోస్టనులో వెలువడే మిషనెరీ పత్రికలో అచ్చయ్యేవి. వాటిని చదివి సంఘాలవారు చందాలు ఇచ్చేవారు. కనుక లెక్క పెంచి వ్రాయడానికి శోధన చిన్నది కాదు. నెల్లూరు లెక్క పెంచబడలేదని చెప్పడానికి ఒక మంచి ఋజువు ఉన్నది. ఆ చిన్న లెక్కను చూసే బోర్డువారు ఈ మిషనును మూసివేయుదమా అని ఆలోచించారు. గొప్పలు వ్రాసి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

1845లో వాన్ హూసెన్ గారు జబ్బుతో తిరిగి వెళ్ళారు. 1846లో డే గారు కూడా ఆరోగ్యము చెడి అమెరికా వెళ్ళవలసి వచ్చింది. నెల్లూరులో దొరలెవరూ లేరు. 1848లో మూసివేత ప్రశ్న మొదటిసారి సభ ముందుకు వచ్చింది. ఇంతకాలము ఉత్తరాలతో వాదించిన డే గారు అప్పుడు నోటితో విన్నపము చేశారు. జూయెట్ గారనే యువ సేవకుడు తాను వెళ్తానన్నారు. మిషను నిలిచింది. భార్యను, పిల్లలను అమెరికాలోనే ఉంచి డే గారు జూయెట్ దంపతులతో కలిసి 1848 అక్టోబరులో మళ్ళీ ఓడ ఎక్కారు. ఇక మీదట బోర్డుకు వ్రాసే ఉత్తరముతోపాటు పిల్లల తండ్రిగా వ్రాసే ఉత్తరము కూడా ఆ సముద్రాలే దాటవలెను. పని కొరకు ఇంటివారిని ఊరిలో విడిచి వచ్చిన మన పెద్దలకు ఈ బాధ ఒకరు చెప్పనక్కరలేదు.

1853లో ఆరోగ్యము మళ్ళీ చెడి ఆయన శాశ్వతముగా భారతదేశము విడిచారు. ఆ ఏడే మే నెలలో ఆల్బనీ పట్టణములో జరిగిన సభలో నెల్లూరు మిషనును మూసివేయుట మళ్ళీ చర్చకు వచ్చింది. ఖర్చు ఎక్కువ, ఫలము తక్కువ అన్నది వాదము. అప్పుడు కార్యదర్శి ఎడ్వర్డ్ బ్రైట్ గారు సభవారిని ఒక్క సంగతి అడిగారు. మిమ్మును విడిచిపెట్టుచున్నామని నెల్లూరు సంఘమునకు తెలియజేసే ఉత్తరము ఎవరు వ్రాయగలరో చెప్పమన్నారు.

లెక్కలు మాట్లాడుట వేరు, ఉత్తరము వ్రాయుట వేరు. ఉత్తరము వ్రాయువాడు అవతల చదువువాని ముఖము తలచుకోవలెను. ఆ కొద్దిమంది తెలుగు విశ్వాసులు తమకెవరో తెలియనివారైతే ఆ ఉత్తరము ఒక గుమాస్తా వ్రాసి ఉండేవాడు. కాని పదిహేనేండ్లకు పైగా వచ్చిన ఉత్తరాల వలన నెల్లూరు అమెరికా సంఘాలకు తెలిసిన ఊరయింది. ఆ ఉత్తరము వ్రాయబడలేదు. ఆ సభలో ఒకరు పటము మీద ఒక్క చుక్కగా ఉన్న నెల్లూరును ఒంటరి నక్షత్రమని పిలిచారు. శామ్యూల్ స్మిత్ గారు ఆ రాత్రే దాని మీద ఒక పద్యము వ్రాశారు. ఆ పేరు మన మిషనుకు నిలిచిపోయింది.

1854 జనవరి 1న జూయెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు కలిసి ఒంగోలు కొండ మీద ప్రార్థించారు. 1862లో మూడవసారి కూడా మూసివేత ప్రశ్న వచ్చి పోయింది. 1865లో క్లౌ గారు నెల్లూరు చేరారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడింది. అక్కడ కూడా మొదటి సభ్యులు ఎనిమిది మందే.

డే గారు అమెరికాలో, కెనడాలో మిషను కొరకు పనిచేసి 1871లో హోమర్ అనే ఊరిలో నిద్రించారు. 1878 నాటి గొప్ప కోతను ఆయన చూడలేదు. అదే 1878లో జూయెట్ గారు మద్రాసులో తెలుగు బాప్తిస్టు మిషనును ప్రారంభించారు. డే గారి కుమార్తె మేరీ డే గారు కూడా ఈ పట్టణమునకు వచ్చి సేవ చేశారు. తండ్రి విడిచి వెళ్ళిన చోటికే కుమార్తె వచ్చింది.

ఈ జీవితము నుండి మన సంఘాలు నేర్చుకోవలసినవి రెండు కనబడుతున్నవి. మొదటిది, నిజము వ్రాయుట. మన సంఘ నివేదికలలో సభ్యుల సంఖ్య, కానుకల లెక్క ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. ఎనిమిదిని ఎనిమిదని వ్రాసిన సంఘమే నిలిచింది.

రెండవది, వ్రాసినవి కాపాడుట. మన పాత బాప్తిస్మపు పుస్తకాలు, కమిటీ మినిట్సు, ఊరి సంఘాల నుండి తాతముత్తాతలకు వచ్చిన కార్డులు పెట్టెలలో చెదలు పట్టుచున్నవి. వాటిని చదవగలవారు తగ్గిపోతున్నారు. చెన్నైలో పెరిగిన మన మనుమలు ఇంట తెలుగు మాట్లాడుతారు గాని, బడిలో చదివేది అరవము, ఇంగ్లీషు. తాతగారి ఉత్తరము చేతిలో పెడితే అక్షరము పోల్చలేరు. ఉత్తరము ఉండి కూడా చదివేవాడు లేకపోతే అది వ్రాయబడనట్లే.

కనుక ప్రతి సంఘము ఒక పెద్దను, ఒక యౌవనస్థుని ఈ పనికి నియమించవలెనని మనవి. పెద్దవారు చదవాలి, చిన్నవారు వ్రాసుకోవాలి. ఆదివారపు బడిలో అరగంట తెలుగు అక్షరాలకు కేటాయించాలి. ఊరిలోని తల్లి సంఘానికి ఏడాదికి ఒకసారైనా చేతివ్రాతతో ఒక ఉత్తరము పంపాలి. ఇప్పుడు జవాబుకు తొమ్మిది నెలలు కాచుకోనక్కరలేదు.