నాయుడుగారి కాలేజీ

జూన్ నెల వచ్చిందంటే మా వడ్డాదిలో పొద్దున్నే బి.ఎన్. రోడ్డు మీద బస్సు కోసం నిలబడే ఆడపిల్లల సంఖ్య పెరుగుతుంది. చోడవరం, అనకాపల్లి, ఇంకాస్త ధైర్యం చేసిన తల్లిదండ్రులైతే విశాఖపట్నం. సాయంత్రం పనులయ్యాక అరుగుల మీద కూర్చున్న తల్లుల మాటల్లో మార్కులూ ఫీజులూ కాసేపే. తర్వాత అందరూ వచ్చేది ఒక్కచోటికే. హాస్టల్లో వార్డెన్ ఎలాంటిది? మాస్టార్లు ఎలాంటివాళ్ళు? ఏదన్నా జరిగితే పిల్ల ఎవరికి చెప్పుకోవాలి?

నేను డిగ్రీ చదివిన కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. అక్కడ ఒక మాస్టారుండేవారు. రికార్డు మీద సంతకం కోసం ఆయన గదికి ఒంటరిగా వెళ్ళొద్దని సీనియర్లు జూనియర్లకి చెవిలో చెప్పేవాళ్ళు. ముగ్గురం కలిసి వెళ్ళేవాళ్ళం. మాకు తెలిసిన రక్షణ అదొక్కటే. ఒకమ్మాయి ఉండబట్టలేక ఇంట్లో చెప్పేసింది. మర్నాటి నుంచి ఆ అమ్మాయి కాలేజీకి రాలేదు. మాస్టారు మాత్రం ఎప్పటిలాగే పాఠం చెబుతూనే ఉన్నారు.

అప్పట్లో నాకు తెలియదుగానీ, కాలేజీలో మగవాళ్ళ నడవడికి కాలేజీ పెద్దే పూచీ పడాలని నమ్మి, జీవితమంతా దానికే ధారపోసిన ప్రిన్సిపాల్ ఒకాయన మనకు పక్కనే, కాకినాడలో, వందేళ్ళ కిందటే ఉన్నారు. ఆయనే రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. పాత ఫోటోల్లో తెల్లటి తలపాగా, తెల్లటి పొడుగు కోటుతో కనిపిస్తారు.

ఆయన 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో పుట్టారు. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యంలో సుబేదారు. తండ్రి ఉద్యోగం వల్ల చిన్నతనం ఉత్తరాదిన, చాందా వైపు గడిచింది. తెలుగు కన్నా ముందు హిందీ, ఉర్దూ, పారశీకం పట్టుబడ్డాయి. తర్వాత హైదరాబాదులో చదువు, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. అక్కడి ప్రిన్సిపాల్ డాక్టర్ మిల్లర్ అంటే ఆయనకు గురుభావం. బ్రహ్మసమాజం ప్రభావమూ ఆ రోజుల్లోనే పడింది. ఎం.ఏ. ప్యాసయిన మనిషి, ఇంగ్లీషులో దిట్ట. సర్కారు కొలువులో చేరితే దర్జాగా బతకొచ్చు. ఆయన మాత్రం బడిపంతులుదనమే ఎంచుకున్నారు.

ముప్పయ్యేళ్ళు నిండకుండానే భార్య పోయారు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఈ మాటను చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. మనం కాస్త ఆగుదాం. అది ఎలాంటి కాలం? భార్య పోయిన మగవాడికి నెల తిరక్కుండానే సంబంధాలు వచ్చేవి, పెళ్ళికూతురు పదేళ్ళ పిల్లయినా సరే. అదే భర్త పోతే ఆ పదేళ్ళ పిల్లకు గుండు, ముతకబట్ట, వంటిల్లు. శీలం అనే మాట ఆడవాళ్ళ కోసమే పుట్టినట్టు ఉండేది. అలాంటి రోజుల్లో ఒక మగవాడు, విధవరాలి నుంచి లోకం ఏం కోరుతుందో అది తనకూ వర్తిస్తుందన్నట్టు మిగతా యాభై ఏళ్ళూ బతికి చూపించాడు. తర్వాత ఆయన ఏం చెప్పినా జనం విన్నారంటే అందుకేనని నాకనిపిస్తుంది.

ఆయన చేపట్టిన ఉద్యమం పేరు సాంఘిక పవిత్రత. 1890ల మొదట్లో మచిలీపట్నంలో దాని కోసం సంఘం పెట్టారు. ఆ పేరు ఇప్పుడు మన చెవికి కొంచెం చాదస్తంగా వినిపిస్తుందిగానీ, విషయం చాదస్తం కాదు. అప్పట్లో పెద్దింటి పెళ్ళి అంటే భోగం మేళం ఉండాల్సిందే. దొరగారు ఊళ్ళోకొస్తే స్వాగతానికీ మేళమే. ఇంట్లో భార్య ఉండగా ఇంకొకరిని ఉంచుకోవడం తప్పు కాకపోగా హోదా కింద చెల్లేది. చదువుకున్న కుర్రాళ్ళు కూడా అదే నేర్చుకునేవారు. మేళాలకు వెళ్ళం, మద్యం ముట్టం, పవిత్రంగా ఉంటాం అని ఆయన సంఘంలో చేరినవాళ్ళు ప్రతిజ్ఞ చేసేవారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు మొదలుపెట్టిన పోరాటానికి ఇది తోడు. 1893లో మద్రాసు సంస్కర్తలు ఇటువంటి మేళాలకు హాజరు కావద్దని వైస్రాయికీ గవర్నరుకీ అర్జీ పెట్టుకున్నారు. దొరలు ఒప్పుకోలేదు. దొరలు మారకపోయినా విద్యార్థులు మారతారని నాయుడుగారి నమ్మకం.

సికింద్రాబాదు మహబూబ్ కాలేజీలో కొన్నేళ్ళు ప్రిన్సిపాల్‌గా చేసి, తర్వాత కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీకి వచ్చారు. 1919 వరకు, సుమారు పదిహేనేళ్ళు, అక్కడే. ఆయన జీవితంలో అసలు ఘట్టం ఇదే. జీతంలో చాలా భాగం పేద విద్యార్థుల ఫీజులకీ తిండికీ పోయేది. దళిత విద్యార్థుల కోసం హాస్టల్ నడిపారు. మగపిల్లలతో పాటు ఆడపిల్లలనూ కాలేజీలో చేర్చుకున్నారు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ ఆయనను గురువుగా భావించేవారు. ఆ అండతోనే కాకినాడలో అనాథ పిల్లలకు శరణాలయమూ, బ్రహ్మమందిరమూ వచ్చాయి.

ఆడపిల్లలను చేర్చుకోవడం అని ఒక్క ముక్కలో రాసేశాను. అది ఎంత పనో ఆలోచించండి. రజస్వల కాకముందే పెళ్ళి చేసేసే రోజుల్లో, వయసొచ్చిన కుర్రాళ్ళు నిండిన తరగతి గదిలోకి ఒక తండ్రి కూతుర్ని పంపాలి. దేన్ని చూసి పంపుతాడు? గోడలు చూసి కాదు, గేటు దగ్గర కాపలావాణ్ణి చూసీ కాదు. ఆ ప్రిన్సిపాల్‌ని చూసి పంపుతాడు. ఆడపిల్ల తలొంచుకు నడవాలని ఊరంతా చెప్పేదే. మగపిల్లాడు ఎలా నడవాలో చెప్పిన ప్రిన్సిపాల్ ఈయన.

ఆ కాలేజీలో చదివి ఆయన ప్రభావంలో పడినవాళ్ళలో దేవులపల్లి కృష్ణశాస్త్రి ఉన్నారు, చలం కూడా ఉన్నారు. సాంఘిక పవిత్రత బోధించిన గురువుకు చలం శిష్యుడంటే నవ్వొస్తుంది కదూ! చలం తర్వాత ఎంత దూరం జరిగిపోయినా, స్త్రీకి జరిగే అన్యాయాన్ని చూసి ఊరుకోలేని గుణానికి బీజం కాకినాడలోనే పడిందేమోనని నా ఊహ.

ఇంత చెప్పాక ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మేళాల మీద జరిగిన పోరాటంలో తప్పెవరిదో, దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి. చూసేవాడు, డబ్బిచ్చేవాడు, ఉంచుకునేవాడు మగవాడు. పరువూ బతుకుతెరువూ పోగొట్టుకున్నది కళావంతుల ఇళ్ళల్లోని ఆడవాళ్ళు. దేవదాసీలుగా అంకితం చేయడాన్ని 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి మాన్పించింది. అంతకు చాలా ముందునుంచే సంగీతం, నాట్యం, చదువు తెలిసిన ఆ ఇల్లాళ్ళను అపవిత్రులన్నట్టు చూడ్డం మామూలైపోయింది. మగవాడి నడవడి దిద్దబోయి ఆడదాని మీద ముద్ర వేయడం ఆ రోజుల్లోనే కాదు, ఇప్పుడూ మనకు అలవాటే. మా కాలేజీలో జరిగింది కూడా అదేగా. తప్పు చేసిన ఆయన ఉన్నాడు, చెప్పుకున్న అమ్మాయి పోయింది.

1924లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్‌చాన్సలర్‌గా ఉన్నారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది ఆ మధ్యనే, 1926లో. మరుసటి ఏడాదే అది ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. జనం మాత్రం ఆయనను బ్రహ్మర్షి అనే పిలిచేవారు. 1939 మే 26న కన్నుమూశారు.

మంచి ప్రిన్సిపాల్ ఉన్నంతకాలం ఆ కాలేజీ మంచిదే. ఆయన రిటైరయ్యాక? లేదా ప్రిన్సిపాలే మంచివాడు కాకపోతే? నాయుడుగారి జీవితం చదువుతున్నంతసేపూ నన్ను పీకిన ప్రశ్న ఇదే. దానికి జవాబు రావడానికి ఆయన పోయాక ఇంకో అరవై ఏళ్ళు కావొచ్చింది. అదీ కాలేజీ నుంచి రాలేదు, ఒక పల్లెటూరి నుంచి వచ్చింది. రాజస్థాన్‌లో బాల్యవివాహాలు ఆపబోయిన భన్వరీదేవి మీద 1992లో అత్యాచారం జరిగింది. ఆ దారుణం చూసి మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 1997 ఆగస్టులో కోర్టు ఇచ్చిన మార్గదర్శకాలనే విశాఖ తీర్పు అంటారు. మన విశాఖపట్నానికి దానితో సంబంధం లేదండీ, కేసు వేసిన సంఘాల్లో ఒకదాని పేరది. నేను డిగ్రీలో చేరేనాటికే ఆ తీర్పు వచ్చి ఏళ్ళయింది. మాకెవ్వరూ చెప్పలేదు.

తర్వాత 2013లో చట్టం వచ్చింది. విశ్వవిద్యాలయాలకూ కాలేజీలకూ యూజీసీ విడిగా 2015 నిబంధనలు చేసింది, 2016 మేలో అవి అమల్లోకొచ్చాయి. ప్రతి కాలేజీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి సీనియర్ అధ్యాపకురాలు అధ్యక్షత వహించాలి. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు, విషయం విద్యార్థులదైతే ముగ్గురు విద్యార్థులు ఉండాలి. మొత్తంలో సగం మందికి తక్కువ కాకుండా ఆడవాళ్ళే. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు గడువిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. నాకు బాగా నచ్చిన నిబంధన వేరే ఉంది. వైస్‌చాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, శాఖాధిపతి వంటి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు ఆ కమిటీలో సభ్యులుగా ఉండకూడదు. అంటే ఈరోజు నాయుడుగారు వైస్‌చాన్సలర్‌గా ఉన్నా సరే, ఆయనంతటి ఆయనకూ ఆ కమిటీలో చోటు లేదు. ఆయన దీనికి కోప్పడి ఉండేవారు కాదనుకుంటాను.

కమిటీ సభ్యులెవరో, వాళ్ళను ఎలా కలవాలో అందరికీ కనబడేట్టు పెట్టాలని కూడా నిబంధన ఉంది. మా పక్కింటి వదిన వచ్చే వారం కూతుర్ని హాస్టల్లో దింపడానికి వెళ్తోంది. ఫీజు రసీదు తీసుకున్నాక ఆ బోర్డు ఎక్కడుందో అడగమన్నాను. ఒక్కదానికీ అడగడానికి మొహమాటమట, నన్నూ రమ్మంది. వెళ్తున్నాను.