మన్రో దొర

ఇంటిలో నెందరున్నారో, గాదెలో నెంత ధాన్యమున్నదో యెరుగని యజమాని సంసారమును చక్కగా నడపజాలడు. దేశమును పాలించువాని స్థితియు నట్టిదే. ఏ గ్రామమున నెంత సాగుభూమి కలదు? ఎన్ని చెరువులు కలవు? ఎందరు బాలురు చదువుకొనుచున్నారు? ఈ సంగతులు తెలియనివాడు ప్రజలకు మేలు చేయగోరినను చేయలేడు. ఈ సత్యమును గ్రహించి, రాయలసీమలో పొలము పొలమును కొలిపించి, పిదప చెన్నపట్నపు గవర్నరుగా బడి బడిని లెక్కింపించిన అధికారి సర్ థామస్ మన్రో.

మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. ఆయన తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వర్తకము చేయుచుండెను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధము వచ్చి ఆ వర్తకమును దెబ్బతీసెను. కుటుంబము కష్టముల పాలయ్యెను. అంతట మన్రో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి 1780 జనవరిలో చెన్నపట్నము చేరెను. హైదరాలీతో జరిగిన యుద్ధములలో పాల్గొనెను. తీరిక దొరకినప్పుడెల్ల హిందూస్థానీ, పారశీక భాషలను శ్రద్ధతో నేర్చుకొనెను.

1792లో కంపెనీవారికి బారామహల్ ప్రాంతము లభించెను. అది నేటి తమిళనాడులోని ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతము. అచ్చట కెప్టెన్ రీడ్ అను అధికారి క్రింద మన్రో ఏడు సంవత్సరములు భూముల సర్వేయందు పనిచేసెను. సైనికుడు పరిపాలకుడుగా మారినది ఇచ్చటనే.

1800వ సంవత్సరమున నిజాము బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతములను, కర్నూలు సీమలో కొంత భాగమును కంపెనీకి ఒసగెను. వీనినే దత్తమండలములందురు. మన్రో వీనికి ప్రధాన కలెక్టరుగా నియమింపబడెను. అప్పటికి ఆ సీమ యుద్ధములచేతను, పాలెగాండ్ర కలహములచేతను నలిగియుండెను. పన్ను ఎవరికి చెల్లింపవలెనో, ఎంత చెల్లింపవలెనో రైతునకే తెలియదు. గ్రామముల లెక్కలు నమ్మదగినవిగా లేవు. మన్రో కచేరీలో కూర్చుండి ఉత్తరువులు పంపుటతో తృప్తిపడలేదు. సంవత్సరములో అధిక భాగము గుడారములలో నివసించుచు ఊరూరు తిరిగెను. రైతుల మాటలు స్వయముగా వినెను.

1802లో ఆయన పొలముల సర్వే ప్రారంభించెను. ఆ పని తెలిసిన గుమాస్తాలు తొలుత మిక్కిలి కొద్దిమంది. వారిచేత ఇతరులకు నేర్పించి మన్రో ఆ సంఖ్యను పెంచెను. కొలతకు 33 అడుగుల గొలుసును ఉపయోగించిరి. ఆ గొలుసంత పొడవును, అంత వెడల్పును గల చదరములు 40 కలిసినచో ఒక ఎకరమగును. సాగుభూములనే గాక, బీళ్ళను, బాటలను, ఊళ్ళను, చెరువులను, అడవులను గూడ లెక్కలో చేర్చిరి. నేల స్వభావమును బట్టి పొలములను తరగతులుగా విభజించిరి. ఒకరు కొలిచినదానిని వేరొకరు పరీక్షించుచుండిరి. తరగతి నిర్ణయమునందు లోపమున్నచో రైతులు చెప్పుకొనుటకు అవకాశముండెను. ఈ విధముగా కొన్ని సంవత్సరములలో దత్తమండలముల స్థితి అంకెల రూపమున నిలిచెను.

ఈ సర్వే ముఖ్యోద్దేశము కంపెనీకి రావలసిన పన్నును నిర్ణయించుటయే యనుటలో సందేహము లేదు. కాని లెక్కలు నిజమైనవి యైనప్పుడు అవి పాలకులకు రుచింపని సత్యమును గూడ చెప్పును. సర్వే ప్రకారము ఏర్పడిన పన్ను పంటలో నూటికి సుమారు 45 వంతులుగా నుండెను. ఇంత భారము మోయుచు రైతు బాగుపడజాలడని మన్రో గుర్తించెను. 1807లో ఆయన భూములన్నిటిపై పన్నును నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు, బావుల క్రింది భూములకు నూటికి 33 వంతులు తగ్గింపవలెననియు ప్రభుత్వమునకు వ్రాసెను. కంపెనీ ధనమును పెంచుటకై వచ్చిన ఉద్యోగి, ఆ ధనమును తగ్గించుకొమ్మని తన పైవారికి చెప్పుట సామాన్య విషయము కాదు.

ప్రభుత్వము అందులకు అప్పుడంగీకరింపలేదు. మన్రో ఇంగ్లండునకు వెళ్ళిన పిమ్మట గ్రామములను గుత్తకిచ్చు పద్ధతి ప్రవేశపెట్టబడెను. గుత్తదారులలో పలువురు నష్టపోయిరి. గ్రామములు మరల చిక్కులలో పడెను. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చిన తరువాతనే రైతువారీ పద్ధతి మరల స్థిరపడి, ఆయన కోరిన తగ్గింపు ఆచరణలోనికి వచ్చెను.

గవర్నరుగా మన్రో చేసిన మరియొక గొప్ప లెక్క పాఠశాలలకు సంబంధించినది. దేశపటములు గీయించితిమి, పంటలను విచారించితిమి, జనులను లెక్కించితిమి. కాని ప్రజల విద్యాస్థితిని తెలిసికొనుటకు ఏమియు చేయలేదని ఆయనకు తోచెను. 1822 జూన్‌లో, ప్రతి జిల్లాలో నెన్ని బడులున్నవి, ఎందరు బాలబాలికలు చదువుచున్నారు, వారు ఏ కులములవారు, ఏమి చదువుచున్నారు అను వివరములను కలెక్టర్లనుండి తెప్పింప సంకల్పించెను. ఊరి బడుల వ్యవహారములలో జోక్యము కలుగజేసికొనరాదనియు హెచ్చరించెను.

జిల్లాలనుండి లెక్కలు ఒక్కొక్కటిగా వచ్చెను. బళ్ళారి జిల్లాలో 533 బడులుండెను. వానిలో 235 కన్నడపు బడులు, 226 తెలుగు బడులు. విద్యార్థులు 6,641 మంది. హిందూ బాలికలు వారిలో కేవలము 60 మంది! పూర్వము బడులున్న పలు గ్రామములలో ఇప్పుడవి లేవనియు, జనుల పేదరికమే అందులకు కారణమనియు ఆ జిల్లా కలెక్టరు కాంబెల్ వ్రాసెను. సీమ వస్త్రములు వచ్చుటచే చేతిపనివారి జీవనము క్షీణించిన సంగతియు ఆయన దాచలేదు.

1826 మార్చిలో మన్రో ఈ లెక్కలనన్నిటిని సమీక్షించెను. రాజధాని మొత్తములో 12,498 విద్యాలయములు కలవు, జనసంఖ్య 1,28,50,941. అనగా వేయిమందికి ఒక బడి. అయిదు మొదలు పది సంవత్సరముల వయస్సు గల బాలురు సుమారు 7,13,000 మంది యుందురని ఆయన అంచనా వేసెను. బడికి పోవువారు 1,84,110 మంది. అనగా నాలుగవ వంతు కంటె కొంచెము ఎక్కువ. ఇండ్లలో చదువుకొనువారిని గూడ కలిపినచో మూడవ వంతునకు దగ్గరగా నుండవచ్చునని భావించెను. కాని చెన్నపట్నమునుండి వచ్చిన ఇంటిచదువుల సంఖ్య మితిమీరి కనబడగా, అందు పొరపాటు ఉండవచ్చునని వెంటనే అనుమానించెను. లెక్కను గౌరవించువాడు లెక్కను శంకించుటయు నేర్వవలెను గదా!

ఈ వివరముల ఆధారముతో ఆయన ఒక ప్రణాళికను రచించెను. ప్రతి జిల్లాకు రెండు పెద్ద పాఠశాలలు, ప్రతి తహశీలునకు ఒక పాఠశాల, ఉపాధ్యాయులను తయారుచేయుటకు చెన్నపట్నమున ఒక కేంద్ర పాఠశాల ఉండవలెనని నిర్ణయించెను. జిల్లా పాఠశాలలు 40, తహశీలు పాఠశాలలు 300 కావలెనని లెక్క తేలెను. అవసరమెంతో తెలిసినందువలననే వ్యయమెంతో చెప్పుట సాధ్యమయ్యెను.

కాని ఆ ప్రణాళిక ఫలించుటను చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. స్వదేశమునకు పోవుటకు ముందు తనకు ప్రియమైన దత్తమండలములను ఒకసారి చూడవలెనని బయలుదేరి, దారిలో కలరా సోకి 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో మరణించెను. తరువాతి పాలకులు ఆయన పట్టుదలను చూపలేదు. 1836లో తహశీలు పాఠశాలలు ఎత్తివేయబడెను. మంచి లెక్కయైనను దానిని అనుసరించు చేతులు లేనిదే ఫలమీయదు.

మన్రో పరాయి ప్రభుత్వపు సేవకుడు. ఆయన తగ్గించిన పన్ను సైతము రైతునకు తేలిక కాదు. అయినను తమ మాట వినిన దొరను రాయలసీమ ప్రజలు మరువలేదు. పత్తికొండలో ఆయన పేర ఒక తోపును పెంచి, మెట్ల బావిని కట్టిరి. బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనినవారును కలరు.

1993లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగ సవరణము తమ అభివృద్ధి ప్రణాళికలను తామే రచించుకొను బాధ్యతను పంచాయతీలకు చూపినది. ఆ బాధ్యతను నెరవేర్పగోరువారు తమ యూరిలో చదువు మానిన పిల్లలెందరో, నీరందని పొలములెన్నో ముందుగా తెలిసికొనవలెను. ఆ పట్టికలోని ప్రతి అంకె వెనుకను ఒక మనుష్యుడుండును. అతనిని మరువక వ్రాసిన లెక్కయే ప్రజలకు మేలు చేయును.