బొమ్మల పెట్టెల శిల్పి: హోవాకిన్ లోపెస్ ఆంతాయ్

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున, ఆండీస్ పర్వతముల నడుమ అయకూచో అను పట్టణము కలదు. అచ్చటి బొమ్మల పెట్టెలకు ఖ్యాతి తెచ్చిన హోవాకిన్ లోపెస్ ఆంతాయ్ 1897లో ఆ పట్టణముననే జన్మించెను. ఈ విద్యను ఆయన బాల్యముననే ఇంటి పెద్దల యొద్ద అభ్యసించెను.

ఆ పెట్టెలను అప్పుడు పునీత మార్కు పెట్టెలనెడివారు. రెండు తలుపులు గల చిన్న కొయ్యపెట్టె, అందు రెండంతస్తులు. పై అంతస్తున పశువులను కాచు పునీతులు, క్రింది అంతస్తున కాపరులు, పశువులు, భూస్వామి. జిప్సం పొడిని ఉడికిన బంగాళాదుంపతో కలిపి, ఆ ముద్దతో బొమ్మలు మలచి, ఆరిన పిదప రంగులు వేసెడివారు. పశువులకు గుర్తులు వేయు పండుగనాడు పర్వతవాసులు ఆ పెట్టెను తెరచి పూజ సల్పెడివారు. కంచరగాడిదల వర్తకులు వీనిని దూరపు పల్లెలకు చేర్చెడివారు.

మోటారు బాటలు పడగానే ఆ వర్తకము సన్నగిల్లెను. పెట్టెలు కొనువారు కరవైరి. 1940 తరువాతి సంవత్సరములలో లీమా నగర చిత్రకారిణి అలీసియా బుస్తమంతే ఆయన పనితనమును గుర్తించి, లోకవృత్తమును గూడ పెట్టెలలో చూపుమని ప్రోత్సహించెను. అంతట కోడిపందెములు, టోపీల అంగడి, నాగజెముడు పండ్ల కోత పెట్టెలలో వెలసెను. పూజాద్రవ్యము కళాఖండమయ్యెను, రెతాబ్లో అను పేరు వ్యాపించెను.

అయకూచో శిల్పులకు ప్రియమైన ఘట్టము క్రీస్తు జననము. వారి పెట్టెలలో బాలయేసు చుట్టును ఆండీస్ దుస్తులు ధరించిన గొల్లలు, బరువులు మోయు లామాలు నిలుచును. సమీపమందలి కీనువా గ్రామ కుమ్మరులు ఈ ఘట్టమునే మట్టితో చేసి కాల్చుదురు. బెత్లెహేము ఆ కొండలకే వచ్చినట్లుండును.

1975వ సంవత్సరపు జాతీయ సంస్కృతి బహుమానము కళారంగమున లోపెస్ ఆంతాయ్‌కు లభించెను. అప్పటికాయన 78 ఏండ్ల వృద్ధుడు. చిత్రకారులు పెక్కుమంది ఆక్షేపించిరి. చేతిపనివానికి కళాకారుని గౌరవమేలయని వారి వాదము. ప్రజల కళకు ఇన్నాళ్లకు న్యాయము జరిగినదని ఇతరుల వాదము.

ఈ వివాదమున మనము నేర్వదగిన పాఠము కలదు. మేడలో వ్రేలాడు పటము కళయై, పాకలో పూజలందు బొమ్మ చేతిపని యగుటకు హేతువు పనితనములో లేదు. చూచువారి అంతస్తులోనే కలదు. 1981లో లోపెస్ ఆంతాయ్ మరణించెను. అయకూచోలో నేటికిని రెతాబ్లోలు రూపొందుచునే యున్నవి. ఆ శిల్పులను కళాకారులని పిలుచుటకు ఇప్పుడెవరును సంకోచింపరు.