సవ్యసాచి కారోలీ టకాచ్

ఉద్దేశం: ఆటలలో సాధించిన విజయం పతకంతో ముగిసిపోదు. దాని వెనుక ఉన్న సాధన ఎందరికో మార్గదర్శకమవుతుంది. జీవనాధారమైన కుడిచేయి దెబ్బతిన్నా ఎడమచేతితో విశ్వవిజేతగా నిలిచిన ఒక సైనికుని జీవితాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

అర్జునునికి గల పేర్లలో సవ్యసాచి ఒకటి. సంస్కృతంలో సవ్య శబ్దానికి ఎడమ అని అర్థం. ఎడమచేతితో సైతం నారి లాగి బాణాన్ని సంధించగల నేర్పరి కనుక అతనికి ఆ పేరు సార్థకమయింది. అదే భారతకథలో ఏకలవ్యుడున్నాడు. గురుదక్షిణగా కుడిచేతి బొటనవ్రేలిని అర్పించిన పిమ్మట అతని విలువిద్యలోని వేగం తగ్గిపోయింది. ఏకలవ్యుని వంటి నష్టాన్ని అనుభవించి, అర్జునుని వంటి కీర్తిని సంపాదించిన వ్యక్తి ఒకడు ఇరవయ్యవ శతాబ్దంలో ఐరోపాలోని హంగరీ దేశంలో జీవించాడు. అతడే కారోలీ టకాచ్. అతని చేతిలోనిది విల్లు కాదు, పిస్తోలు. అతని లక్ష్యం శత్రువు కాదు, దూరాన నిలిపిన పలక.

టకాచ్ సాధించిన దాని గొప్పతనం తెలియాలంటే పిస్తోలుతో గురిచూసి కాల్చే క్రీడను గురించి కొంత తెలుసుకోవాలి. రైఫిల్‌ను భుజానికి ఆనించి రెండు చేతులతో పట్టుకుంటారు. ఒలింపిక్ పిస్తోలు పోటీలలో ఆ వెసులుబాటు లేదు. ఒక్క చేతిని ముందుకు చాచి, ఏ ఆధారమూ లేకుండా, మణికట్టును స్వేచ్ఛగా ఉంచి కాల్చాలి. రెండవ చేతి సహాయం తీసుకోరాదు. ఊపిరి తీసినా, గుండె కొట్టుకున్నా చాచిన చేయి కదలుతుంది. పిస్తోలు మీద ముందొకటి, వెనుకొకటి గురిచిహ్నాలుంటాయి. వాటి మధ్య దూరం 20 సెంటీమీటర్లనుకుందాం. అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే, 25 మీటర్ల దూరంలో ఉన్న పలక మీద గుండు పన్నెండున్నర సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 50 మీటర్ల దూరంలో ఆ తేడా 25 సెంటీమీటర్లవుతుంది. కొన్ని దేశాలలో ఔత్సాహికులు వినోదం కోసం 200 మీటర్ల దూరాన నిలిపిన పొట్టేలు ఆకారపు ఇనుప బొమ్మలను పిస్తోలుతో పడగొడతారు. అంత దూరంలో అదే పొరపాటు ఒక మీటరు అవుతుంది. దూరం పెరిగే కొద్దీ చేతిలోని చిన్న లోపం పెద్దదై కనిపిస్తుంది. అందుకే ఈ క్రీడలో బలం కన్నా నిశ్చలత్వానికే విలువ ఎక్కువ.

టకాచ్ ఎన్నుకున్నది 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు విభాగం. ఇందులో దూరానికి వేగం కూడా తోడవుతుంది. టకాచ్ కాలంలో వరుసగా నిలిపిన ఐదు పలకలు ఒక్కసారిగా క్రీడాకారుని వైపు తిరిగేవి. ఒక్కొక్క పలక మీద ఒక్కొక్క గుండు కాల్చాలి. అందుకు తొలుత 8 సెకన్లు, తరువాత 6 సెకన్లు, చివరకు 4 సెకన్లు మాత్రమే వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి ముగియగానే పలకలు మళ్ళీ ప్రక్కకు తిరిగిపోయేవి. ఈ విధంగా మొత్తం 60 గుండ్లు కాల్చాలి. ప్రతి గుండూ నడిమధ్యన తగిలితే 600 పాయింట్లు వస్తాయి.

టకాచ్ 1910 జనవరి 21న బుడాపెస్ట్ నగరంలో జన్మించాడు. యువకుడుగా హంగరీ సైన్యంలో చేరి సార్జెంటు హోదా పొందాడు. అది మన సైన్యంలోని హవల్దారు హోదా వంటిది. సైన్యంలోనే పిస్తోలు అతనికి ఆత్మీయ నేస్తమయింది. 1936 నాటికి అతడు ప్రపంచస్థాయి క్రీడాకారులతో సమానంగా గురి కుదిరినవాడని పేరు తెచ్చుకున్నాడు. ఆ ఏడాది బెర్లిన్‌లో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. కాని హంగరీ జట్టులో టకాచ్‌కు స్థానం దక్కలేదు. సైన్యం నుండి ఆ పోటీలకు కమిషన్డ్ అధికారులనే పంపాలన్న నిబంధన అందుకు కారణం. గురి చూడగల కన్ను ఉంది, వణకని చేయి ఉంది. భుజం మీది చిహ్నం మాత్రం చాలలేదు.

ఈ అన్యాయం లోతు మన ప్రాంతపు విద్యార్థులకు సులభంగానే బోధపడుతుంది. పలాస, టెక్కలి పరిసరాల నుండి, ఉద్దానం తీరగ్రామాల నుండి ఎందరో యువకులు సైన్యంలో చేరుతున్నారు. తెల్లవారక ముందే రహదారుల వెంబడి పరుగుతీస్తూ సైనిక ఎంపికలకు సిద్ధమయ్యే యువకులు ఇక్కడ సుపరిచితులు. వారిలో అధికులు సిపాయిలుగానే ఉద్యోగ జీవితాన్ని ప్రారంభిస్తారు. హోదా తక్కువైనంత మాత్రాన మనిషిలోని ప్రతిభ తక్కువ కాదని వారి కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు.

బెర్లిన్ క్రీడలు ముగిసిన తరువాత హంగరీలో ఆ నిబంధన తొలగిపోయింది. 1940లో జరుగవలసిన ఒలింపిక్స్ మీద టకాచ్ ఆశలు పెట్టుకున్నాడు. సాధన తీవ్రం చేశాడు. ఇంతలో విధి మరొక విధంగా పరీక్షించింది. 1938లో సైనిక శిక్షణ జరుగుతుండగా లోపమున్న గ్రెనేడు ఒకటి అతని కుడిచేతిలోనే ప్రేలింది. ఆ చేయి తీవ్రంగా ఛిద్రమయింది. పిస్తోలు పట్టి పోటీకి నిలిచే శక్తి దానికి శాశ్వతంగా లేకుండా పోయింది. అప్పటికి అతని వయస్సు 28 సంవత్సరాలు. హోదా అడ్డు తొలగిన కొద్దికాలానికే చేయి అడ్డయింది.

టకాచ్ నెలరోజులు ఆసుపత్రిలో గడిపాడు. బయటకు వచ్చిన తరువాత తన నిర్ణయాన్ని ఎవరికీ ప్రకటించలేదు. పోయిన చేతిని తలచుకొని కుమిలిపోవడం మాని, ఉన్న చేతికి పాఠాలు చెప్పడం ప్రారంభించాడు. ఇది తేలిక పని కాదు. కుడిచేతి వాటం గల మనిషి ఎడమచేతితో తన పేరు వ్రాసి చూస్తే, ఆ అక్షరాల వంకరలే ఈ కష్టాన్ని తెలియజేస్తాయి. పిస్తోలు పిడి పట్టే తీరు మారాలి. నిలబడే భంగిమ తారుమారు కావాలి. మీటను నొక్కే వ్రేలు మిగిలిన వ్రేళ్ళను కదిలించకుండా తాను మాత్రమే కదలడం నేర్చుకోవాలి. కుడిచేయి ఏళ్ళ తరబడి నేర్చినదంతా ఎడమచేయి మొదటి నుండి నేర్వాలి. టకాచ్ గంటల కొలది ఏకాంతంగా ఈ అభ్యాసం చేశాడు. సానుభూతి కోసం ఎదురుచూడలేదు, ప్రచారం కోరలేదు.

1939 వసంతకాలంలో హంగరీ జాతీయ పిస్తోలు పోటీలు జరిగాయి. టకాచ్ అక్కడికి వచ్చాడు. తోటి క్రీడాకారులు అతడు పోటీలను తిలకించడానికి వచ్చాడనుకొని, పరామర్శించి, అంత దుఃఖంలోనూ రాగలిగినందుకు అభినందించారు. తాను చూడడానికి కాక పోటీ చేయడానికే వచ్చానని టకాచ్ చెప్పినప్పుడు వారు విస్తుపోయారు. పోటీ ముగిసి అతడే విజేతగా నిలిచినప్పుడు మరింత ఆశ్చర్యపోయారు. అదే సంవత్సరం స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో విజయం సాధించిన హంగరీ జట్టులోనూ అతడు సభ్యుడు.

మూడవ అడ్డంకి అతని ఒక్కనిది కాదు, ప్రపంచమంతటిది. 1939లో రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమయింది. 1940, 1944 ఒలింపిక్ క్రీడలు రద్దయినాయి. ఏ క్రీడాకారునికైనా సామర్థ్యం పరాకాష్ఠలో ఉండే సంవత్సరాలు టకాచ్‌కు యుద్ధంలో కరిగిపోయాయి. ఎనిమిదేళ్ళ నిరీక్షణ ఎంతటి సాధకుని పట్టుదలనైనా సడలించగలదు. టకాచ్ మాత్రం సాధన విడువలేదు.

1948లో ఒలింపిక్స్ లండన్‌లో జరిగాయి. షూటింగ్ పోటీలు బిస్లే మైదానంలో ఏర్పాటయినాయి. అప్పటికి టకాచ్ వయస్సు 38 సంవత్సరాలు. ఆ విభాగంలో పతకం తప్పక గెలుస్తాడని అందరూ భావించిన వ్యక్తి అర్జెంటీనాకు చెందిన కార్లోస్ ఎన్రికే డియాజ్ సాయెన్జ్ వాలియెంటె. అతడు 1947 ప్రపంచ విజేత. పోటీకి ముందు వాలియెంటె ఆశ్చర్యంతో టకాచ్ రాకకు కారణమడుగగా, నేర్చుకోవడానికి వచ్చానని అతడు వినయంగా బదులు చెప్పినట్లు ప్రసిద్ధి. పోటీ ముగిసేసరికి టకాచ్ 580 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణపతకం గెలిచాడు. వాలియెంటె 571 పాయింట్లతో రెండవ స్థానంలో నిలిచాడు. టకాచ్ కావలసినంత నేర్చుకున్నాడని ఓడిన వీరుడు నిండు మనస్సుతో ప్రశంసించాడు. గెలిచినవాని వినయం ఎంత గొప్పదో, ఓడినవాని ఔదార్యమూ అంత గొప్పది.

నాలుగేళ్ళ తరువాత 1952లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో టకాచ్ మళ్ళీ బరిలో నిలిచాడు. ఈసారి అతనికి గట్టి పోటీ ఇచ్చినవాడు పరాయివాడు కాదు. తన వద్ద శిక్షణ పొందిన సిలార్డ్ కున్ అనే పదిహేడేళ్ళ యువకుడు. ఇంటర్మీడియట్ చదివే వయసుగల ఆ శిష్యుడు 578 పాయింట్లు సాధించాడు. గురువు సాధించినవి 579. ఒకే ఒక్క పాయింటు తేడాతో స్వర్ణం గురువుకు, రజతం శిష్యునికి లభించాయి. ఈ విభాగంలో వరుసగా రెండు ఒలింపిక్స్‌లలో స్వర్ణం గెలిచిన తొలి క్రీడాకారుడుగా టకాచ్ చరిత్రలో నిలిచాడు. శిష్యుని బొటనవ్రేలిని కోరిన గురువు కథతో ఈ పాఠం మొదలయింది. తన ఎడమచేయి నేర్చిన విద్యను శిష్యునికి మనసారా పంచిన గురువు ఇక్కడ కనిపిస్తాడు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 46 ఏళ్ళ వయస్సులో పాల్గొన్న టకాచ్ ఎనిమిదవ స్థానం పొందాడు. అంతటితో అతని పట్టుదల చల్లారలేదు. 1958లో మాస్కోలో జరిగిన ప్రపంచ పోటీలలో కాంస్యపతకం గెలిచాడు. తన జీవితకాలంలో 35 పర్యాయాలు హంగరీ జాతీయ విజేతగా నిలిచాడు. ఒకనాడు అధికారి కాడన్న కారణంగా తిరస్కృతుడైన ఆ సార్జెంటు లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో పదవీ విరమణ చేశాడు. 1976 జనవరి 5న బుడాపెస్ట్‌లో కన్నుమూశాడు.

టకాచ్ రెండు స్వర్ణాలు గెలిచిన అదే విభాగంలో మన దేశానికి కూడా ఒక పతకం ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో విజయ్ కుమార్ రజతపతకం సాధించాడు. హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన అతడు అప్పుడు భారత సైన్యంలోని డోగ్రా రెజిమెంట్‌లో సుబేదారు. కమిషన్డ్ అధికారి కాకపోయినా అతనికి దేశం తరఫున నిలిచే అవకాశం దొరికింది. 1936లో టకాచ్‌కు మూసుకొన్న తలుపు ఎంత అసమంజసమైనదో ఈ ఒక్క పతకం చాటుతున్నది.

మన జిల్లాకు క్రీడాచరిత్రలో చెప్పుకోదగిన స్థానముంది. 2022 వరకు ఈ జిల్లాలో ఉండిన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి దేహబలానికి ప్రతీకగా నిలిచాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి సిక్కోలు ఆడపడుచే. గురిచూసి కాల్చే క్రీడ మాత్రం ఈ తీరానికి ఇంకా దూరంగానే ఉంది. అయినా కళాశాలలో ఎన్.సి.సి.లో చేరిన విద్యార్థికి శిక్షణ శిబిరంలో .22 రైఫిల్‌తో గురిచూసే అవకాశం కలుగుతుంది. ఆయుధాన్ని చట్టం అనుమతించిన మైదానంలో, శిక్షకుని పర్యవేక్షణలో మాత్రమే తాకాలన్నది ఈ క్రీడలో మొదటి పాఠం. లోపమున్న ఒక గ్రెనేడు ఏమి చేయగలదో టకాచ్ కుడిచేయే సాక్ష్యం.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలాయి. తరతరాల ఆస్తి ఒక్క రాత్రిలో ఊడ్చుకుపోయింది. జీడిమామిడి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది, కొబ్బరికి మరింత కాలం పడుతుంది. అది తెలిసి కూడా రైతులు ఒరిగిన మానులను తొలగించి ఆ గోతుల ప్రక్కనే కొత్త మొక్కలు నాటారు. టకాచ్ తన ఎడమచేతిలో నాటినదీ అటువంటి మొక్కే. దానికి మొదటి ఒలింపిక్ ఫలం కాయడానికి పదేళ్ళు పట్టింది. పోయిన దానిని లెక్కించే సమయంలో ఉన్న దానికి పదును పెట్టుకోవడమే విజ్ఞుల లక్షణం.

అభ్యాసం

1. టకాచ్ జీవితంలో ఎదురైన మూడు అడ్డంకులను వివరించండి.
2. ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీ జరిగే విధానాన్ని తెలపండి.
3. టకాచ్‌కు సవ్యసాచి అన్న పేరు ఏ విధంగా తగినదో సమర్థించండి.
4. వాలియెంటె, సిలార్డ్ కున్‌ల గురించి సంక్షిప్తంగా వ్రాయండి.
5. ఉద్దానం రైతులకు, టకాచ్‌కు గల పోలికను మీ సొంత మాటలలో వ్రాయండి.