స్నేహితులను అడిగిన బిషప్పు

దోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి పేరు వినని క్రైస్తవ కుటుంబము మన తెలుగు సంఘములలో అరుదు. ఆయన హోదాను గూర్చి పలువురు వ్రాసియున్నారు. ఆయన మాటలాడిన విధమును గూర్చియే మేము కొంత చెప్పదలచితిమి.

అజరయ్యగారు 1874 ఆగష్టు 17న తిన్నెవెల్లి జిల్లా వెల్లాలన్‌విళైలో ఒక అయ్యగారి ఇంట జన్మించిరి. వై.యం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేయు దినములలో అమెరికా దేశస్థుడగు షెర్‌వుడ్ ఎడ్డీతో ఆయనకు స్నేహము కుదిరెను. దొరలును, మనవారును సమానులుగా కూర్చుండుట అరుదైన కాలమది. 1903లో తిన్నెవెల్లి క్రైస్తవులు తమ సొంత సొమ్ముతో ఒక మిషనెరీ సంఘమును స్థాపించుటకు ఆయన ముఖ్య కారకులు. 1909లో తామే మిషనెరీగా దోర్నకల్ చేరి, ముప్పది అయిదవ యేట తెలుగు నేర్వసాగిరి.

మరుసటి సంవత్సరమే ఎడిన్‌బరో మహాసభలో మాటలాడవలసి వచ్చెను. సభలో ఎక్కువమంది తెల్ల మిషనెరీలు. వారి త్యాగమునకు ఆయన కృతజ్ఞత చెప్పిరి. అంతటితో ముగించియుండినయెడల అందరును సంతోషించియుందురు. కాని మీరు మాకు యజమానులుగా ఉన్నారు, మాకు కావలసినది స్నేహితులని అర్థము వచ్చునట్లు సూటిగా చెప్పిరి. కొందరు నొచ్చుకొనిరి. ప్రేమించువాడే అంత నిజము చెప్పగలడని మా అభిప్రాయము.

1912 డిశెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. అయినను ఎద్దుబండిపై మాలపల్లెలకును, మాదిగపల్లెలకును తిరుగుట మానలేదు. బాప్తిస్మము పొందినవారిని తమ చేతులు తమ తలలపై ఉంచుకొని, సువార్త చెప్పనియెడల తమకు శ్రమ అని పలుకుమనెడివారు. చదువురాని కూలివాడు ఏమి బోధించును? బోధించనక్కరలేదు. తాను త్రాగుడు ఎట్లు మానెనో, భయము ఎట్లు పోయెనో ప్రక్క చాలులో కలుపు తీయువానికి చెప్పిన చాలును. వాడు చెప్పినది నిజమో కాదో ఊరంతటికిని తెలియును గదా! వేదాంత కళాశాలలో మూడు అంశముల ప్రసంగము నేర్చిన మావంటివారికి ఈ సంగతి కొంచెము ఆలస్యముగా బోధపడినది.

తమ పొలములలో పనిచేయువారి బ్రదుకు మారుట చూచి రైతు కులములవారును రాసాగిరి. ఇది అంత సులభముగా జరుగలేదు. నిన్నటివరకు అంటరానివాడన్న మనుష్యుని నోట దేవుని మాట వినుటకు రైతునకు ఎంత తగ్గింపు కావలెనో, ఆ రైతు యెదుట దాపరికము లేక తన సంగతి చెప్పుకొనుటకు కూలివానికి ఎంత ధైర్యము కావలెనో పల్లెలలో పెరిగినవారికి మేము చెప్పనక్కరలేదు.

1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమును చూచినవారికి గుడి స్తంభములును, మసీదు గుమ్మటములును ఒక్క కప్పు క్రింద కనబడును. 1945 జనవరి 1న అజరయ్యగారు దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి. తమ దేవాలయము ప్రక్కనే, తాము తెలుగు నేర్చుకొనిన ఆ ఊరి మట్టిలోనే సమాధి చేయబడిరి.