మన్యం అలుగు: అల్లూరి సీతారామరాజు జీవితం

ఆంధ్రదేశంలో అల్లూరి సీతారామరాజు పేరు వినని విద్యార్థి ఉండడు. కాషాయ వస్త్రం, గడ్డం, చేత విల్లంబులు ధరించిన ఆ మూర్తి కూడళ్ళలోని విగ్రహాలలోను, 1974లో వచ్చిన చలనచిత్రంలోను మనకు చిరపరిచితం. అయితే ఆ చేతిలోని బాణం కేవలం అలంకారమా, లేక ఆ పోరాటంలో దానికొక నిజమైన స్థానం ఉన్నదా అన్న ప్రశ్నను మనం సాధారణంగా వేసికొనము. ఈ వ్యాసంలో మేము ఆ వీరుని జీవితాన్ని స్మరిస్తూనే, ఆయనకు అండగా నిలిచిన కొండజాతుల ఆయుధాన్ని గూర్చియు, దాని కొననున్న ఇనుప అలుగును గూర్చియు కొంత విచారింపదలచినాము.

రాజు 1897 జూలై 4వ తేదీన విశాఖపట్నం జిల్లా పాండ్రంగి గ్రామంలో, మాతామహుల ఇంట జన్మించారు. తండ్రి వెంకటరామరాజు, తల్లి సూర్యనారాయణమ్మ. వారి స్వగ్రామం భీమవరం సమీపంలోని మోగల్లు. మన గుడివాడలో రైలెక్కి భీమవరం చేరిన వారికి ఆ ఊరు ఎంతో దూరం కాదు. కనుక మన్యం వీరునిగా ప్రసిద్ధి చెందిన ఈయన వంశమూలం మనవలెనే వరిచేల మధ్య, కాలువల నడుమ ఉన్నదని గుర్తుంచుకొనుట అవసరం. తండ్రి ఛాయాగ్రాహక వృత్తిలో ఉండేవారు. 1908లో ఆయన కలరా వ్యాధితో మరణించగా కుటుంబ భారం పినతండ్రి రామకృష్ణంరాజుపై పడింది. బాలుని చదువు ఒకచోట నిలకడగా సాగలేదు. రాజమహేంద్రవరం, కాకినాడ, తుని, నరసాపురం మొదలగు చోట్ల చదివినను ఉన్నత విద్య పూర్తి కాలేదు. యౌవనారంభంలో ఉత్తరదేశ యాత్ర చేసి, 1917 నాటికి విశాఖ మన్యపు అంచుననున్న కృష్ణదేవిపేట చేరి, తపస్సు, వైద్యం, జ్యోతిషాలతో అక్కడి ప్రజల ఆదరాన్ని పొందారు.

ఆనాటి మన్యం పరిస్థితి దుర్భరంగా ఉండేది. 1882నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చిన తరువాత కొండవారి పోడు వ్యవసాయానికి, కలప కొట్టుటకు, అటవీ ఫలసేకరణకు, వేటకు అడ్డంకులు ఏర్పడినాయి. తరతరాలుగా తమదనుకొన్న అడవిలో వారు అపరాధులైనారు. నర్సీపట్నం నుండి చింతపల్లికి రోడ్డు వేయు పనిలో గిరిజనులచే చాలని కూలికి చాకిరి చేయించిన గూడెం తాసీల్దారు బాస్టియన్ పేరు ఆ ప్రాంతంలో భీతి గొల్పేది. ముఠాదారి హక్కును పోగొట్టుకొన్న గాం గంటందొర, ఆయన సోదరుడు మల్లుదొర వంటివారు రాజుకు సన్నిహితులైనారు.

రాజు తొలుత ఆయుధం పట్టమని ఎవరికీ చెప్పలేదు. సహాయ నిరాకరణోద్యమ దినాలలో ఆయన గ్రామాలు తిరిగి మద్యపానం మానవలసినదని, ఖద్దరు కట్టవలసినదని, తగవులను పంచాయతీలలో పరిష్కరించుకొనవలసినదని బోధించారు. ప్రభుత్వం అనుమానించి ఆయనను మన్యం నుండి తొలగించి, అడ్డతీగల సమీపంలోని పైడిపుట్టలో నిర్బంధం వంటి స్థితిలో ఉంచింది. ఆ దశలో పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్ ఆయనపట్ల సానుభూతి చూపి, ఆ నిర్బంధం నుండి వెలువడుటకు తోడ్పడినట్లు చరిత్రకారులు వ్రాసినారు. 1922 జూన్‌లో రాజు తిరిగి మన్యంలో అడుగుపెట్టారు. ప్రభుత్వోద్యోగంలో ఉన్న ఒక ముస్లిం అధికారి, ప్రభుత్వం అనుమానించిన ఒక సన్యాసికి మేలు చేయుట మా పాఠకులు మననం చేసికొనదగిన విషయం.

ఇప్పుడు బాణం సంగతికి వద్దాము. కొండవాని దృష్టిలో విల్లు యుద్ధ సాధనం కాదు, పొట్టకూటి సాధనం. మధ్యభారతం నుండి గోదావరి వరకు గల కొండజాతులు వెదురుతో విల్లును, వెదురు బద్దతోనే నారిని చేసికొనుట పరిపాటి. బాణపు కాండం తేలికైన వెదురుపుల్ల. వెనుక ఈకలు, ముందు అలుగు. పక్షిని కొట్టుటకు మొద్దుకొన బాణం చాలును. ఎందుకనగా అక్కడ కావలసినది గాయం కాదు, దెబ్బ. పెద్ద మృగానికి మాత్రం వెడల్పైన ఇనుప అలుగు తప్పదు.

దీనికి కారణం తెలిసికొనదగినది. తుపాకి గుండు తన వేగంతో చంపుతుంది. బాణానికి ఆ వేగం లేదు. అది కోసి, రక్తం స్రవింపజేసి మాత్రమే చంపగలదు. కనుక బాణం యొక్క బలమంతా అలుగు అంచులోనే ఉన్నది. అంచు మొద్దుబారితే నరాలు తెగక ప్రక్కకు తొలగిపోతాయి, మృగం గాయంతో పారిపోయి ఏ పొదలోనో దినాల తరబడి బాధపడి చస్తుంది. వేటగానికి ఆహారం దక్కదు, జీవికి హింస తప్పదు. మంచి అలుగును ఎంచుకొనుట నేర్పుకే కాక ధర్మానికి కూడ సంబంధించిన విషయమని మేము భావించుట ఇందుచేతనే.

అయితే పదును ఒక్కటే చాలదు. మిక్కిలి గట్టిగా పదనుపెట్టిన ఉక్కు ఎముకకు తగిలినప్పుడు పెళుసై విరుగుతుంది. మెత్తని ఇనుము వంగిపోతుంది. ఈ రెంటికి నడుమ తగిన పదనును నిలుపుటయే కమ్మరి విద్య. అలుగు మరీ వెడల్పైతే గాలికి ఊగి గురి తప్పుతుంది, మరీ సన్ననైతే గాయం చాలదు. వెడల్పుకు సుమారు మూడింతల పొడవు ఉండవలెనని తరువాతి కాలపు విలుకాండ్రు లెక్క కట్టినారు. అలుగు తోక కాండంలో బిగిసి, నారతో గట్టిగా చుట్టబడి, రెండు అంచులు ఆకురాయితోను సానరాయితోను మళ్ళీ మళ్ళీ నూరుకొనుటకు వీలుగా ఉండవలెను. ఒకసారి వాడి పారవేయునది కాక, వెదకి తెచ్చుకొని తిరిగి పదునుపెట్టుకొనునదే పేదవాని అలుగు.

ఇదే కాలంలో భూగోళానికి ఆవలివైపున ఇదే విషయం మరియొకరు పరిశీలిస్తూ ఉండేవారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, తన జాతివారందరూ నశించగా మిగిలిపోయిన ఇషీ అను ఆదిమవాసి 1911లో నాగరిక ప్రపంచానికి కనిపించాడు. శాన్ ఫ్రాన్సిస్కోలోని వైద్యుడు సాక్స్‌టన్ పోప్ ఆయన వద్ద విలువిద్య నేర్చుకొన్నాడు. 1916లో ఇషీ క్షయవ్యాధితో మరణించిన తరువాత కూడ ఆ వైద్యుడు పరిశోధన సాగించి, 1923లో విల్లంబులతో వేటను గూర్చి ఒక గ్రంథం వెలువరించాడు. ఇషీ చెక్కినటువంటి గాజురాతి అలుగును, ఉక్కు అలుగును పోల్చి చూడగా, రాతి అలుగే ఎక్కువ లోతుకు దిగినట్లు ఆయన గమనించాడు. రాతి అంచు రంపం వలె కోయుటయే అందుకు కారణం. అయినను ఎముక తగిలితే రాయి పగులుతుంది. అందుచేత పెద్ద మృగాలకు ఆయన స్వయంగా వాడినది ఉక్కునే. పదునులో రాయి, మన్నికలో ఉక్కు గెలిచినట్లు మనం గ్రహించవచ్చును.

ఉక్కును గూర్చి మాట్లాడునపుడు తెలుగువారు గర్వింపదగిన మాట ఒకటి ఉన్నది. తెలంగాణలోని కోనసముద్రం, నిర్మల ప్రాంతాల ఉక్కుకై పారశీక వర్తకులు వచ్చేవారు. 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యపు ఇనుము, ఉక్కు మన మచిలీపట్నం రేవు నుండి సముద్రాలు దాటినాయి. ఖడ్గాలకు ఖ్యాతి తెచ్చిన ఆ విద్యయు, కొండపల్లెలో బాణపు అలుగు సాగగొట్టిన కమ్మరి విద్యయు ఒకే కొలిమి బిడ్డలు.

ఇట్టి ఆయుధం చేతనున్నను రాజు దానినే నమ్ముకొని యుద్ధానికి దిగలేదు. ఇక్కడే ఆయన వివేకం మనకు కనిపిస్తుంది. అలుగు ఎంత పదునైనదైనను విల్లు విసరగల దూరం స్వల్పం. తుపాకి అంతకు ఎన్నో రెట్ల దూరం నుండి చంపగలదు. బాణం ఓడినది పదునులో కాదు, దూరంలో. కనుక ఆయుధాలు కావలెనన్న, అవి ఉన్నచోటికే పోవలెనని ఆయన నిర్ణయించారు. 1922 ఆగష్టు 22న సుమారు 300 మందితో చింతపల్లి పోలీసుస్టేషనుపై దాడి జరిగింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషనులు వశమైనాయి. మూడు చోట్ల కలిపి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు లభించినాయి. తీసికొన్న వస్తువుల వివరం స్టేషను పుస్తకంలో వ్రాసి రాజు సంతకం చేసిపోవుట, అది దోపిడి కాదని చాటుటకే గదా!

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవార్డు, హైటరు అను ఇద్దరు ఆంగ్లాధికారులు మరణించారు. అక్టోబరులో రాజు అడ్డతీగల స్టేషనుకు పోగా, పోలీసులు ముందే ఆయుధాలను తరలించి ఉన్నారు. ప్రభుత్వం మలబారు ప్రత్యేక పోలీసు దళాన్ని దింపింది. 1921నాటి మాప్పిళ్ళ తిరుగుబాటు నేపథ్యంలో ఏర్పడిన దళమది. ఒక మూల పీడితులను అణచుటకు పుట్టిన బలగమే మరియొక మూల పీడితులపైకి నడిచినదన్నమాట. 1922 డిసెంబరు 6న పెదగడ్డపాలెం వద్ద విప్లవకారులు తొలిసారి గట్టి దెబ్బ తిన్నారు. అనుచరులను కోల్పోవుటయే కాక కొన్ని తుపాకులు కూడ పోయినాయి.

ఈ ఘట్టంలో మా ఆలోచన ఒకటి విన్నవిస్తాము. పట్టుకొన్న తుపాకికి తూటా అయిపోయిన తరువాత అది ఇనుపకర్ర మాత్రమే. దానిని చేయు కర్మాగారం మన్యంలో లేదు. అలుగును మాత్రం పల్లె కొలిమిలో మళ్ళీ చేసికొనవచ్చును, రాతిపై మళ్ళీ నూరుకొనవచ్చును. దూరంలో తుపాకి గెలిచినది, మన్నికలో అలుగు గెలిచినది. రెండు గుణాలు ఒకే ఆయుధంలో లేకపోవుట ఆ పోరాటపు విషాదాలలో ఒకటి. కొండవారికి కొరవడినది ధైర్యం కాదు, ఆ ధైర్యానికి తగిన సాధన సంపత్తి.

1924 జనవరిలో అస్సాం రైఫిల్సు దళం వచ్చింది. పిమ్మట రూథర్‌ఫర్డ్ ప్రత్యేకాధికారిగా నియమితుడైనాడు. రాజు తలకు 10,000 రూపాయలు, గంటందొర, మల్లుదొరల తలలకు వేయి రూపాయల వంతున వెల కట్టబడినది. ఆశ్రయమిచ్చిన పల్లెలు వేధింపబడినాయి. 1924 మే 7న మంప సమీపంలో రాజు పట్టుబడగా, కొయ్యూరులో మేజరు గుడాల్ ఎదుట ఏ విచారణయు లేకుండ ఆయనను కాల్చి చంపినారు. మరునాడు కృష్ణదేవిపేటలో దహనం జరిగింది. అప్పటికి ఆయనకు 27 ఏండ్లు కూడ నిండలేదు. జూన్ నెలలో గంటందొర కూడ కాల్పులలో మరణించాడు.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో అల్లూరి సీతారామరాజు పేర ఒక జిల్లా ఏర్పడినది. వేట మాత్రం 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంచే నిషిద్ధమైనది, అది సమంజసమే. విలువిద్య నేడు క్రీడగా వర్ధిల్లుతున్నది. మన పొరుగు విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకాలు గెలిచినది. ఆమె బాణానికి వెడల్పు అలుగు లేదు, గురిపలకకు సూదికొన చాలును. కాలాన్ని బట్టి, పనిని బట్టి కొన మారుతుంది. నిలిచియుండవలసినది గురి.

విద్యార్థి సోదర సోదరీమణులారా! చదువు కూడ ఒక అలుగే. పరీక్షకు మాత్రమే పదునుపెట్టిన చదువు మొదటి ఎముకకే విరుగుతుంది. పదును లేని చదువు ఎవరికీ ఉపకరించదు. దినదినం నూరుకొనునది, కష్టంలో వంగక విరుగక నిలుచునది, పరుల బాధను తొలగించుటకు వినియోగపడునది మనం ఎంచుకొనవలెను. తాను పుట్టిన మైదానం విడిచి, తనవారు కాని కొండవారికై ప్రాణమిచ్చిన ఆ మహనీయుని స్మృతికి మనం అర్పింపగల నివాళి అదియేనని మేము విశ్వసిస్తున్నాము.