మనం వినని మిక్స్‌టేప్: బుర్రకథ నాజర్

మన కాలేజీలో హిప్ హాప్ వినేటోళ్లకు కొదువ లేదు. ఎవరూ పట్టించుకోని మంచి ఆల్బమ్‌లు, మిక్స్‌టేప్‌లు చెప్పమని అడిగితే చాంతాడంత లిస్టు పంపిస్తారు. ఆ లిస్టులో అన్నిటికన్నా పైన నేను రాసే పేరు షేక్ నాజర్. మన తాతల తరానికి బాగా తెలిసిన పేరే. 1986లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. మన ఇయర్‌ఫోన్ల దాకా మాత్రం రాలేదు.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. దూదేకుల కుటుంబం. పేదరికం సంగతి చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచే గొంతు బాగుండేది. హార్మోనియం, సంగీతం నేర్చుకున్నారు, నాటకాల్లో వేషాలు కట్టారు. పాట కడుపు నింపదు కాబట్టి దర్జీ పని కూడా చేశారు. దూది ఏకేవాళ్లను పింజారి అంటారు. ఆ మాటను జనం తిట్టుగా కూడా వాడతారు. నాజర్ తన ఆత్మకథకు అదే పేరు పెట్టుకున్నారు. ఎదుటివాడు తిట్టిన మాటనే తీసుకొని తలెత్తి చెప్పుకోవడం ర్యాపర్లు చేసే పని అనుకుంటాం. అంతకంటే ముందు మన దగ్గర ఒకాయన చేసి చూపించారు.

1943లో ప్రజానాట్యమండలి మొదలైంది. కమ్యూనిస్టు ఉద్యమానికి పల్లెల్లోకి పోయే కళ కావాలి. అప్పటికే జంగం కథగా పల్లెల్లో తిరుగుతున్న పాత రూపాన్ని పట్టుకొని బుర్రకథగా కొత్తగా నిలబెట్టారు. నాజర్ గొంతు దానికి సరిగ్గా సరిపోయింది.

బుర్రకథ ఎట్లా నడుస్తుందో చూస్తే నేను ర్యాప్‌తో ఎందుకు పోలుస్తున్నానో అర్థమైతది. మధ్యలో కథకుడు. భుజం మీద తంబుర, బొటనవేలికి అందెలు. పాడుతూ, మాట్లాడుతూ, చిందేస్తూ కథ చెప్తాడు. అటొకరు ఇటొకరు వంతలు, వాళ్ల దగ్గర డక్కీలు. బీటు వాళ్లదే, ప్రతి చరణానికి తందాన అందుకునేదీ వాళ్లే. ఒక వంత హాస్యం పండిస్తే ఇంకో వంత రాజకీయం మాట్లాడతాడు. కథ రాజుల కాలంలో నడుస్తున్నా సరే, ఆ వంత మధ్యలో ఆపి ఊళ్లో బియ్యం ధర సంగతి, దొర సంగతి ఎత్తుతాడు. అంటే ఒక ఎంసీ, ఇద్దరు తోడు గొంతులు, బీటు, అప్పటికప్పుడు పుట్టే మాట. హిప్ హాప్ న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టింది 1973 ఆగస్టులో అంటారు. అప్పటికి నాజర్ ఈ పని మొదలుపెట్టి దాదాపు ముప్పై ఏళ్లు.

ఆయన కథల్లో పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు పేరు మోసినవి. నాకు అన్నిటికన్నా పెద్దగా అనిపించేది బెంగాల్ కరువు కథ. 1943లో బెంగాల్‌లో తిండి లేక లక్షల మంది చనిపోయారు. వాళ్ల భాష వేరు, ఊళ్లు వేరు. గుంటూరు రైతుకూలీకి వాళ్లు ఏమవుతారు? ఏమీ కారు. అయినా నాజర్ ఆ చావుల్ని తెలుగు పల్లె నడిబొడ్డుకు తెచ్చి, అవి మనవాళ్ల చావులే అనిపించేటట్టు చెప్పారు. మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని నిషేధించాక ప్రజానాట్యమండలి కళాకారులకు గడ్డుకాలం వచ్చింది. నాజర్ మాత్రం బుర్రకథను వదల్లేదు.

ఇప్పుడు వినడానికి ఏమున్నాయి అంటే, నేను ముందు చెప్పేది 1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమా. ఎన్టీఆర్, భానుమతి నటించారు. అందులో నాజర్ చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఉంది. అది మాత్రం ఒక్కటే చూసినా చాలు. ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో దొరకదు. దరువు మారినప్పుడల్లా మాట వేగం కూడా మారుతుంది. తర్వాత గరికపాటి రాజారావు తీసిన పుట్టిల్లు, 1953. పిక్చర్ క్వాలిటీ చూసి పక్కన పెట్టకండి. కళ్లు మూసుకొని వినండి.

ఇదంతా సంగారెడ్డిలో చదువుకునే మనకెందుకు అంటే, నా జవాబు ఇది. 2025 జూన్ 30న మన పక్కనే పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి పని కోసం వచ్చినవాళ్లు. కొన్నాళ్లు వార్తల్లో నడిచింది, తర్వాత ఆగింది. ఇస్నాపూర్ చౌరస్తాలో షిఫ్టు దిగి వచ్చే ముఖాలను మనం రోజూ చూస్తాం, పేర్లు మాత్రం తెలియవు. వాళ్ల మీద ఒక ర్యాప్ గానీ, ఒక ఒగ్గుకథ గానీ నేను ఇంతవరకు వినలేదు. బెంగాల్ ఎక్కడో ఉన్నా నాజర్‌కు దూరం కాలేదు. పాశమైలారం మనకు బస్సు దూరం.

నాజర్ 1997 ఫిబ్రవరి 22న కన్నుమూశారు. ఆయన వాడిన సరంజామా ఒక తంబుర, రెండు డక్కీలు, ఇద్దరు తోడు మనుషులు. మన దగ్గర ల్యాప్‌టాప్ ఉంది, ఫ్రీగా దొరికే బీట్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఒక్కో రూమ్‌లో ఇద్దరు ముగ్గురు ర్యాపర్లు ఉన్నారు. వాళ్లకు నా రికమెండేషన్ ఒకటే: ముందు అగ్గిరాముడు బుర్రకథ వినండి. తర్వాత బీట్ పెట్టుకొని, రాజకీయ వంతలో నిలబడేది ఎవరో మీలో మీరు తేల్చుకోండి.